‘తూ’ ఎవరికి, ‘వూ’ ఎవరికి?

పేట నుంచి పాఠాలు – 9



మొన్న డిగ్రీ రెండో సంవత్సరం చదివే అబ్బాయి ఒకతను స్టాఫ్‌రూమ్‌కి వచ్చి అడిగాడు. "సార్, మీరు తెలుగులో పీహెచ్‌డీ చేశారు కదా. మధ్యలో ఫ్రెంచి ఎందుకు నేర్చుకున్నారు? ఉద్యోగానికి పనికొచ్చిందా?"

పనికిరాలేదని చెప్పాను. నిజమే, ఆ సర్టిఫికెట్టు నాకు ఒక్క ఇంటర్వ్యూలోనూ అక్కరకి రాలేదు. కానీ అతను వెళ్ళిపోయాక, సగం జవాబే చెప్పానని అనిపించింది. మిగతా సగం ఈ వారం మీకు చెప్తాను.

నేను ఫ్రెంచి క్లాసులో చేరింది ఫానన్ కోసం. హాస్టల్లో ఒక సీనియర్ ఇచ్చిన ‘బ్లాక్ స్కిన్, వైట్ మాస్క్స్’ ఇంగ్లీషు జిరాక్స్ కాపీ చదివాను. సగమే అర్థమైంది. అర్థమైన సగం మాత్రం నిద్రపోనివ్వలేదు. ఆ మనిషి అసలు ఏ మాటల్లో రాశాడో ఆ మాటల్లోనే చదవాలనిపించింది. ఫెలోషిప్ డబ్బులు రాగానే ఫీజు కట్టి సాయంత్రం క్లాసుకి వెళ్ళడం మొదలుపెట్టాను. ఇరవై మందిమి. ఎక్కువమంది విదేశాలకి వెళ్ళాలనుకునేవాళ్ళు. తెలుగు మీడియంలో చదివొచ్చింది నేనొక్కడినే.

మూడో క్లాసులోనో నాలుగో క్లాసులోనో సర్వనామాలు వచ్చాయి. ఎదుటి మనిషిని పిలవడానికి ఫ్రెంచిలో రెండు మాటలు. ఒకటి ‘తూ’, రెండోది ‘వూ’. పెదాలు సున్నాలా చుట్టి ‘ఈ’ అన్నట్టు పలికితే ఆ మొదటి మాట సరిగ్గా వస్తుంది. మనకి రాదు కాబట్టి ‘తూ’ అనే అంటాం. తెలుగు చెవికి అది ఉమ్మేసిన చప్పుడులా వినిపిస్తుంది. క్లాసంతా నవ్వాం.

"తెలుగులో నువ్వు, మీరు ఉన్నాయి కదా, అలాంటివే" అన్నారు మేడమ్. ఇంట్లోవాళ్ళకీ స్నేహితులకీ చిన్నపిల్లలకీ ‘తూ’. పెద్దలకీ కొత్తవాళ్ళకీ అధికారులకీ ‘వూ’. తర్వాత బోర్డు మీద కొంతమంది మనుషుల జాబితా రాసి ఎవరికి ఏది వాడాలో చెప్పమన్నారు. అమ్మ, ప్రొఫెసర్, బస్సులో పక్కన కూర్చున్న ఆయన, అపార్ట్‌మెంట్ వాచ్‌మన్. నా పక్కనున్న కుర్రాడు వాచ్‌మన్ దగ్గర ‘తూ’ అని రాశాడు. మేడమ్ కొట్టేసి ‘వూ’ అని దిద్దారు. అతనికి అర్థం కాలేదు. "వాచ్‌మన్ కదా మేడమ్?" అన్నాడు. "మీకు అతను స్నేహితుడా? చిన్నపిల్లాడా? కాదు కదా. అయితే వూ" అన్నారు ఆవిడ.

ఆవిడ వ్యాకరణం చెప్పారు, అంతే. నేను మాత్రం ఆ రాత్రి హాస్టల్‌కి నడిచి వెళ్తూ మా తాత గురించే ఆలోచించాను.

మాది కోనసీమ. మా జిల్లా మర్యాదకి పేరు. మాట చివర ‘అండీ’, ఔననడానికి ‘ఆయ్’. సినిమాల్లో ఆ యాస వినిపిస్తే జనం ముచ్చటపడతారు. ఆ ‘అండీ’ ఎటు నుంచి ఎటు వెళ్ళేదో మాత్రం సినిమా చూపించదు. మా తాత పాలేరు. కామందు మనవడు, ఏడెనిమిదేళ్ళ పిల్లాడు, గట్టు మీద నించుని "ఒరే" అని కేకేసేవాడు. అరవై ఏళ్ళ మా తాత కండువా చంకలో పెట్టుకుని, "ఆయ్, చిత్తం బాబుగారూ" అంటూ వెళ్ళేవాడు. ఇది నేను పుస్తకంలో చదివింది కాదు. అన్నం క్యారేజీ పట్టుకుని పక్కన నించుని చూసింది. గోదావరి మర్యాద అంతా ఆ గట్టు ఎక్కుతూ పోయేది. ఆ గట్టు మీంచి ఒక్క చుక్క కిందికి దిగేది కాదు.

అదే తాతని మేం మనవళ్ళం కూడా ‘నువ్వు’ అనే పిలిచేవాళ్ళం. మా అమ్మని ఇప్పటికీ ‘నువ్వు’ అనే అంటాను. ఆ ‘నువ్వు’లో అవమానం లేదు, చనువుంది. అంటే తప్పు మాటలో లేదు. మరి ఎక్కడుంది?

దీనికి జవాబు రోజర్ బ్రౌన్, ఆల్బర్ట్ గిల్మన్ అనే ఇద్దరు 1960లో రాసిన వ్యాసంలో దొరికింది. యూరప్ భాషల్లోని ఈ జంట మాటల మీద వాళ్ళు పనిచేశారు. వాళ్ళు చెప్పింది ఇది: ఇద్దరూ ఒకరినొకరు ‘తూ’ అనుకుంటే అది దగ్గరితనం. ఇద్దరూ ‘వూ’ అనుకుంటే అది దూరం, మర్యాద. ఒకరు ‘తూ’ అని, రెండోవాళ్ళు తిరిగి ‘వూ’ అనాల్సి వస్తే అది అధికారం. కాబట్టి ఏ మాట వాడారన్నది ఒక్కటే చూస్తే సరిపోదు. ఆ మాట తిరిగి వచ్చిందా లేదా అని చూడాలి.

ఇక్కణ్ణుంచి నేను ఫ్రెంచి వ్యాకరణం పక్కన పెట్టి ఫ్రెంచి చరిత్ర వెంట పడ్డాను.

‘మొస్యూ’ అన్న మాట మీరు వినే ఉంటారు. ఇప్పుడు మన ‘అండీ’, ‘సార్’ లాంటిది. విడదీస్తే దానర్థం ‘నా దొర’. ‘మదామ్’ అంటే ‘నా దొరసాని’. 1789లో విప్లవం వచ్చాక పారిస్ సామాన్యులకి ఈ మాటలు నోట్లో ముల్లులా గుచ్చుకున్నాయి. వాటి స్థానంలో ‘సిత్వాయెన్’ అన్న మాట తెచ్చారు. పౌరుడు అని అర్థం. ఆడవాళ్ళకి ‘సిత్వాయెన్న’, పౌరురాలు. రాజుని విచారణకి నిలబెట్టినప్పుడు ఆయన్ని మహారాజు అనలేదు, లూయీ కాపే అన్నారు. ఊళ్ళో ఎవరినైనా ఇంటిపేరుతో పిలిచినట్టు.

1793 అక్టోబరు 31న పారిస్ ప్రజాసంఘాల ప్రతినిధులు జాతీయ కన్వెన్షన్ ముందుకెళ్ళి ఒక అర్జీ పెట్టుకున్నారు. ఒక్క మనిషిని ‘వూ’ అని బహువచనంలో పిలవడం ఏమిటి, అది దొరల కాలం నాటి గర్వం, ఇకనుంచి అందరూ అందరినీ ‘తూ’ అనాలి, అప్పుడే సోదరభావం పెరుగుతుంది అన్నది వాళ్ళ వాదన. కన్వెన్షన్ ఆ అర్జీని మెచ్చుకుంది కానీ చట్టం చెయ్యడానికి ఒప్పుకోలేదు. అయినా కొన్ని నెలలపాటు ప్రభుత్వ ఉత్తరాల్లోనూ సంఘాల్లోనూ వీధుల్లోనూ ‘తూ’ నడిచింది. బండి తోలేవాడు అధికారిని ‘తూ’ అన్నాడు. 1794 జూలైలో రోబెస్పియర్ పడిపోయాక మెల్లగా ‘వూ’ తిరిగొచ్చింది, ‘మొస్యూ’ తిరిగొచ్చాడు.

ఇది చదివి మొదట ఉప్పొంగిపోయాను. రెండోసారి చదివినప్పుడు ఒక సందేహం పుట్టింది. మా వూళ్ళో ఈ చట్టం వచ్చి ఉంటే మా తాతకి ఏం ఒరిగేది? కామందుని ‘నువ్వు’ అనే హక్కు వచ్చేది. మంచిదే. కానీ మా తాత జీవితంలో లేనిది ‘నువ్వు’ కాదు. అది బోలెడంత దొరికింది. ఆయనకి ఎన్నడూ దక్కనిది ‘మీరు’.

పారిస్ వాళ్ళు సమానత్వాన్ని కిందికి దించి సాధించాలనుకున్నారు. తలెత్తి ‘వూ’ అంటూ బతికినవాళ్ళకి ఆ దారి సహజం. పుట్టిన దగ్గర్నుంచీ ‘తూ’ అనిపించుకున్నవాళ్ళ సంగతి వేరు. ఆ రోజుల్లో అలాంటివాళ్ళు ఫ్రెంచి రాజ్యంలో లేరా? ఉన్నారు. సముద్రం అవతల చెరుకు తోటల్లో లక్షలమంది ఉన్నారు. 1791 ఆగస్టులో సాన్ దొమాంగ్ దీవిలోని బానిసలు తిరగబడ్డారు. వాళ్ళ తిరుగుబాటు మెడ మీద కూర్చున్నాకే 1794 ఫిబ్రవరిలో కన్వెన్షన్ బానిసత్వాన్ని రద్దు చేసింది. 1802లో నెపోలియన్ దాన్ని మళ్ళీ తెచ్చాడు. ఆ దీవి జనం ఒప్పుకోలేదు, కొట్లాడి గెలిచి 1804 జనవరి 1న హైతీ అయ్యారు. మిగతా ఫ్రెంచి తోటల్లో బానిసత్వం పోవడానికి 1848 దాకా పట్టింది. స్వేచ్ఛ, సమానత్వం, సోదరభావం అన్న మూడు మాటలూ ఓడెక్కి సముద్రం దాటేసరికి అరిగిపోయేవి.

ఆ ఓడలు మన దగ్గరకీ వచ్చాయి. మా వూరికి యానాం దూరం కాదు, గోదావరి దాటితే చాలు. 1720ల నుంచి ఫ్రెంచివాళ్ళ చేతిలో ఉన్న తెలుగు ఊరది. 1954లో విడిపోయింది. చిన్నప్పుడు నేను అనుకునేవాణ్ణి, విప్లవం చేసిన దేశం పాలించింది కదా, అక్కడ మనవాళ్ళు బాగుండి ఉంటారని. కాగితాలు చూస్తే అర్థమైంది. 1819 జనవరిలో ఫ్రెంచి పాలకులు ఒక ఉత్తర్వు ఇచ్చారు: భారతీయులకి ఎప్పటిలాగే వాళ్ళ కులాల చట్టాలు, ఆచారాల ప్రకారమే తీర్పు చెప్పాలి. విప్లవం జరిగి 30 ఏళ్ళు కూడా కాలేదు. పారిస్‌లో మనిషికి హక్కులు, ఇక్కడ కులానికి హక్కులు. దీని ఫలం ఎవరు తిన్నారో చూడండి. 1929లో బ్రిటిష్ ఇండియాలో బాల్యవివాహాల నిషేధానికి శారదా చట్టం వస్తే, చుట్టుపక్కల జిల్లాల పెద్దింటివాళ్ళు చిన్నపిల్లల్ని పడవెక్కించి యానాం తీసుకెళ్ళి పెళ్ళిళ్ళు చేశారు. సమానత్వం పుట్టిన దేశపు జెండా కిందకి సనాతనం వెళ్ళి తలదాచుకుంది.

అయినా ఒక తలుపు సందు దొరికింది. 1873లో పుదుచ్చేరిలో పొన్నుతంబి పిళ్ళై అనే న్యాయవాది యూరోపియన్ బూట్లు, మేజోళ్ళు వేసుకుని కోర్టులోకి వెళ్ళాడు. దేశీయులు చెప్పులు విడిచి రావాలన్నది అక్కడి ఆచారం. జడ్జి శిక్ష వేశాడు. ఆయన ఊరుకోకుండా పారిస్‌లోని అత్యున్నత న్యాయస్థానం దాకా వెళ్ళి గెలిచాడు. పిళ్ళై అన్న పేరులోనే తెలుస్తుంది, ఆయన అంటరాని కులంవాడు కాదు. అయినా ఈ కేసు చదువుతుంటే నాకు మన ఊళ్ళే కళ్ళముందు కనిపించాయి. చెప్పులు కుట్టిన మాదిగ ఆ చెప్పులు వేసుకుని పెద్దవీధిలో నడవకూడదు, చేత్తో పట్టుకుని నడవాలి. మన పాదాలకి న్యాయం చెప్పే కోర్టు ఏ పారిస్‌లోనూ లేదు.

ఆ తర్వాత 1881 సెప్టెంబరులో ఒక డిక్రీ వచ్చింది. ఇష్టమైనవాళ్ళు తమ కులాచార చట్టాన్ని వదులుకుని ఫ్రెంచి పౌర చట్టం కిందికి రావచ్చు, కొత్త ఇంటిపేరు పెట్టుకోవచ్చు. ఇలా వచ్చినవాళ్ళని ‘రెనోన్సాన్’ అన్నారు, వదులుకున్నవాళ్ళు అని. పొన్నుతంబి ‘లపోర్త్’ అయ్యాడు. ఫ్రెంచిలో ఆ మాటకి తలుపు అని అర్థం. ఆ తలుపులోంచి నడిచినవాళ్ళలో దళితులు, దళిత క్రైస్తవులు చాలామంది ఉన్నారు. వదులుకోవడానికి కులం తప్ప ఏమీ లేనివాళ్ళు కదా. వాళ్ళు నిజంగానే సమానులయ్యారా? మూడేళ్ళు తిరక్కుండానే, 1884లో, ఓటర్ల జాబితాని మూడు ముక్కలు చేశారు. యూరోపియన్లు ఒకటి, రెనోన్సాన్లు ఒకటి, మిగతా భారతీయులు ఒకటి. కులం వదిలినవాళ్ళకి చివరికి కొత్త కులం లాంటి ఒక జాబితా మిగిలింది.

పేరు మార్చుకునే ఆ పని మనం కూడా చేశాం, ఎవరి డిక్రీ లేకుండా. 1917లో బెజవాడలో భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన జరిగిన సభలో మనవాళ్ళు ‘పంచములం కాదు, ఆది ఆంధ్రులం’ అని ప్రకటించుకున్నారు. మనల్ని ఏమని పిలవాలో మనమే చెప్పడం అక్కడే మొదలైంది.

ఇప్పుడు బాబాసాహెబ్ దగ్గరకి వద్దాం. కొలంబియాలో ఆయన తీసుకున్న కోర్సుల జాబితాలో ఎకనామిక్స్ ఇరవైకి పైగా ఉన్నాయి. ఆ జాబితా చివర ఒక చిన్న లైను, ప్రాథమిక ఫ్రెంచి, ఒక కోర్సు. అది చూసిన రోజు నాకు కలిగిన సంతోషం చెప్పలేను. న్యూయార్క్‌లో ఒక మహర్ కుర్రాడు నాలాగే పెదాలు చుట్టి ‘తూ’, ‘వూ’ అని పలికి ఉంటాడు కదా.

1927 డిసెంబరు 25న మహద్ సభలో మాట్లాడుతూ ఆయన ఆ సభని 1789 నాటి ఫ్రెంచి ప్రతినిధుల సభతో పోల్చారు. మనం వచ్చింది నీళ్ళు తాగడానికి మాత్రమే కాదు, మేమూ అందరిలాంటి మనుషులమేనని నిలబెట్టడానికి అన్నారు. 1954 అక్టోబరులో రేడియోలో మాట్లాడినప్పుడు మాత్రం ఒక మాట స్పష్టం చేశారు: స్వేచ్ఛ, సమానత్వం, సోదరభావాన్ని నేను ఫ్రెంచి విప్లవం నుంచి అప్పు తెచ్చుకోలేదు, నా గురువు బుద్ధుడి దగ్గర తీసుకున్నాను. ఈ రెండూ ఒకదానికొకటి అడ్డం అని కొందరు వాదిస్తారు. నాకలా అనిపించదు. ఆ విప్లవాన్ని బాగా చదివిన మనిషే అది ఎక్కడ ఆగిపోయిందో చెప్పగలరు. చట్టం స్వేచ్ఛనీ సమానత్వాన్నీ కొంతవరకు కాపాడుతుంది. సోదరభావం మనిషి మనిషితో మాట్లాడే తీరులోనే ఉంటుంది.

చివరికి ఫానన్‌ని ఫ్రెంచిలో చదివాను, డిక్షనరీ పక్కన పెట్టుకుని, రోజుకి రెండు పేజీలు. 1952లో వచ్చిన ఆ పుస్తకంలో మొదటి అధ్యాయమే భాష గురించి. అందులో డాక్టర్ల సంగతి ఉంది. తెల్ల రోగి వస్తే కూర్చోండి, ఏమైంది అని మర్యాదగా అడిగే డాక్టరు, నల్లజాతి మనిషో అరబ్బో రాగానే గొంతు మార్చి ‘తూ’లోకి దిగుతాడు. ఇంగ్లీషులో రెండూ ‘యూ’నే. ఆ తేడా అనువాదంలో చప్పబడిపోయింది. తెలుగువాడికి, అందులోనూ పేటలో పుట్టినవాడికి, ఒక్క అక్షరంతో అంతా అర్థమైపోతుంది. ఫ్రెంచి నేర్చుకున్నందుకు నాకు దక్కిన జీతం ఇదే.

1960 జూన్ 30న బెల్జియం పాలన నుంచి కాంగో స్వతంత్రమైంది. బెల్జియం రాజు ఎదురుగా కూర్చుని ఉండగా పాట్రిస్ లుముంబా ఫ్రెంచిలో మాట్లాడాడు. దెబ్బలు, లాక్కున్న భూములు, చాలని కూలీలు అన్నీ లెక్క చెప్పాడు. ఆ లెక్కలో ఈ సర్వనామం కూడా ఉంది. నల్లవాణ్ణి ‘తూ’ అని పిలిచేవారు, స్నేహితుడని కాదు, గౌరవమైన ‘వూ’ తెల్లవాళ్ళకే దాచిపెట్టారు కాబట్టి అన్నాడు. భూమి, కూలి, దెబ్బలు, వాటి సరసన ఒక సర్వనామం. ఆరున్నర నెలలకే ఆయన్ని చంపేశారు. పారిస్ జనం అడిగిన ‘తూ’, లుముంబా అడిగిన ‘వూ’ విడివిడి కోరికలు కావు. ఎవరి మెట్టు మీంచి వాళ్ళు అడిగారు. అడిగింది ఒకటే. పోయిన మాట అలాగే తిరిగి రావాలి.

ఆ గొడవ ఫ్రాన్సులో ఇప్పటికీ తీరలేదు. అరబ్, ఆఫ్రికా మూలాలున్న యువకుల్ని పోలీసులు ఆపి ‘తూ’ అనడం మీద ఎన్నో ఏళ్ళు ఫిర్యాదులు వచ్చాయి. 2014 జనవరి నుంచి అమల్లోకొచ్చిన పోలీసు నియమావళిలో జనంతో ‘వూ’ అనే మాట్లాడాలని రాయాల్సి వచ్చింది. అది పూర్తిగా అమలవుతోందా అన్నది వేరే సంగతి. రాతలో ఉంది కాబట్టి అడగడానికి వీలుంది.

మన రాతలో ఏముంది? 18వ అధికరణం బిరుదుల్ని రద్దు చేసింది, పైనుంచి రావుబహదూర్‌ని తీసేసింది. 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. అట్రాసిటీ చట్టం నలుగురిలో కులం పేరుతో తిడితే పట్టుకుంటుంది. కులం పేరెత్తకుండా, గొంతెత్తకుండా, తాత వయసు మనిషిని మామూలుగా ‘ఒరే’ అంటే పట్టుకునే సెక్షన్ మాత్రం దొరకడం కష్టం. నేను ఇంకో సెక్షన్ కావాలని అడగడం లేదు. చట్టం ఆగిన చోట మన పని మొదలవుతుందని గుర్తుచేస్తున్నాను.

ఇది చిన్న విషయం, భూమి గురించి మాట్లాడండి అనే మిత్రులున్నారు. భూమి గురించి తప్పక మాట్లాడాలి. కానీ 1985లో కారంచేడు ఎలా మొదలైంది? తాగే చెరువు దగ్గర జరిగిన పనికి దళితులు ఎదురుచెప్పడంతో. 1991లో చుండూరు? సినిమా హాల్లో ఒకరి కాలు ఇంకొకరికి తగలడంతో. మనం తిరిగి మాట్లాడటాన్ని వాళ్ళు ఎన్నడూ చిన్న విషయంగా చూడలేదు. చంపేంత పెద్ద విషయంగానే చూశారు.

రాజ్యాంగం ఇచ్చిన మర్యాద కూడా ఉంది, దాన్నీ చెప్పాలి. మా కోనసీమ దళితుడు జీఎంసీ బాలయోగి 1998లో లోక్‌సభ స్పీకర్ అయినప్పుడు దేశంలోని జమీందారు వంశాలవాళ్ళు కూడా లేచి నిలబడి ఆయన అనుమతి అడిగి మాట్లాడారు. యానాంకీ ఎదుర్లంకకీ మధ్య గోదావరి మీద వంతెనకి ఆయన పేరే. దాని మీదుగా వెళ్ళినప్పుడల్లా మా తాత గుర్తొస్తాడు.

చివరగా నా తప్పు ఒకటి. మా కాలేజీలో ఊడ్చే ఆవిడ ఉన్నారు. యాభై దాటి ఉంటాయి. నేను చేరిన మొదటి ఏడాది అందరితోపాటు నేనూ ఆవిడని ‘నువ్వు’ అన్నాను. ఫానన్ చదివాను, లుముంబా చదివాను, అయినా అన్నాను. ఒకరోజు "ఇటు కూడా ఊడ్చెయ్" అంటే, ఆవిడ వంగినట్టే ఉండి, "ఆయ్, అలాగేనండి" అన్నారు. అది మా తాత గొంతు. గట్టు మీద నించున్నది ఈసారి నేను.

మర్నాటి నుంచి ‘మీరు’ అనడం మొదలుపెట్టాను. "నన్ను మీరంటారేంటి బాబూ, ఎవరైనా ఇంటే నవ్వుతారు" అన్నారు. కొంతమంది నవ్వారు కూడా. ఆవిడకి ఇప్పటికీ పూర్తిగా అలవాటు కాలేదు. నేను మానలేదు.

మీకో పని చెప్తాను. ఈ వారం ఒక కాగితం మీద రెండు గళ్ళు గీయండి. మీరు ఎవరెవరిని ‘నువ్వు’ అంటున్నారో మొదటి గడిలో రాయండి. వాళ్ళు మిమ్మల్ని తిరిగి ఏమంటున్నారో రెండో గడిలో రాయండి. హాస్టల్ వంటావిడ, ఆటో నడిపే ఆయన, చెత్త తీసుకెళ్ళే అన్న, అందర్నీ రాయండి. రెండు గళ్ళూ ఎక్కడ కలవలేదో అక్కడ ఆగి చూసుకోండి. మనల్ని ఎవరేమంటున్నారో మనకి బాగా తెలుసు. మనం ఎవర్నేమంటున్నామో కూడా తెలుసుకుందాం.

మా తాత రోజూ పెట్టిన దండాలకి తిరిగి దండం రాలేదు. జై భీమ్ అంటే మాత్రం జై భీమ్ అనే తిరిగి వస్తుంది. కలెక్టరు అన్నా, కూలి మనిషి అన్నా అదే మాట, అదే కొలత. అందుకే ఆ పలకరింపు నాకంత ఇష్టం.

వచ్చే భాగంలో హైతీ గురించి: గెలుచుకున్న స్వేచ్ఛకి 1825లో ఫ్రాన్సు వాళ్ళకి వేసిన బిల్లు కథ.

జై భీమ్.